ఎల్‌ఎండీబీ: పాత డేటా తొలగిస్తున్నా మ్యాప్ నిండిపోతోంది. నడుస్తుండగా పరిమితి పెంచడం ఎంతవరకు సురక్షితం?

కొల్లేటి_కోడర్

రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్ కొలిచే సెన్సార్ల రీడింగులను గట్టు మీదే ఉండే ఒక గేట్‌వే పెట్టెలో (సెన్సార్లను సర్వర్‌తో కలిపే చిన్న కంప్యూటర్) ఎల్‌ఎండీబీలో, అంటే ఫైలును నేరుగా ప్రాసెస్ మెమరీలోకి మ్యాప్ చేసుకుని పనిచేసే డేటాబేస్‌లో, దాస్తున్నాం. ఆ పెట్టెలో మూడు ప్రాసెస్‌లు నడుస్తాయి. ఒకటి రీడింగులు రాస్తుంది, రెండోది వాటిని చదివి సర్వర్‌కు పంపుతుంది, మూడోది అక్కడి చిన్న తెరపై చూపిస్తుంది. మ్యాప్ సైజును, అంటే ఆ డేటాబేస్ పెరగగల గరిష్ఠ పరిమితిని, 1 జీబీగా పెట్టాం. వారం దాటిన రికార్డులను ప్రతి రాత్రీ తొలగిస్తాం. మా అంచనా ప్రకారం ఒక వారం డేటా ఆ 1 జీబీలో ఐదో వంతుకు మించదు. అయినా కొన్ని పెట్టెల్లో మ్యాప్ ఫుల్ అనే లోపం వచ్చి రాయడం ఆగిపోతోంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారకముందే కాబట్టి, సరిగ్గా ఆ వేళ రీడింగు రాకపోతే ఏరేటర్లు వేయడం ఆలస్యమై రైతు పంట మొత్తం పోయే ప్రమాదం ఉంది. నా ప్రశ్నలు రెండు. తొలగించిన చోటు తిరిగి ఎందుకు వాడుకలోకి రావడం లేదు? ప్రాసెస్‌లు నడుస్తుండగానే పరిమితి పెంచడానికి నమ్మదగిన పద్ధతి ఏది?

పైథాన్_పద్మ

మ్యాప్ సైజు అంటే డిస్కులో పక్కన పెట్టే స్థలం కాదు, ప్రాసెస్ చిరునామా పరిధిలో కేటాయించుకునే విస్తీర్ణం మాత్రమే. నేను చిత్రాల శిక్షణ డేటాకు మొదటి నుంచీ 1 టీబీ అని పెట్టేస్తాను, ఫైలు మాత్రం రాసినంత మేరకే పెరుగుతుంది. పైథాన్ బైండింగులో (పైథాన్ నుంచి దీన్ని వాడుకునే లైబ్రరీ) ఏమీ ఇవ్వకపోతే వచ్చే విలువ 10,485,760 బైట్లు, అంటే 10 ఎంబీ. కొత్తవారందరూ తట్టుకునేది అక్కడే. మీరు కూడా పెద్ద సంఖ్య పెట్టి ఈ సమస్యను మరచిపోవచ్చు.

ఓరుగల్లు_రూట్

పద్మ గారి సలహా 64 బిట్ యంత్రాలకు సరిపోతుంది. ఈ గేట్‌వేలో ప్రాసెసర్, కెర్నెల్ ఎన్ని బిట్లవో ముందు చెప్పండి. సర్వీసు ఫైలులో వర్చువల్ మెమరీపై పరిమితి ఏదైనా పెట్టారేమో కూడా చూడండి, ఎందుకంటే మ్యాప్ మొత్తం విస్తీర్ణం ఆ పరిమితిలో లెక్కకు వస్తుంది.

కొల్లేటి_కోడర్

32 బిట్ ఆర్మ్, 512 ఎంబీ ర్యామ్. వర్చువల్ మెమరీ పరిమితి ఏదీ పెట్టలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిండిపోయిన పెట్టె నుంచి డేటా ఫైలును నా ల్యాప్‌టాప్‌కు కాపీ చేసుకుని చూద్దామంటే అది అసలు తెరుచుకోవడం లేదు. ఫైలు పాడయిందని అనుమానంగా ఉంది.

మెమరీమ్యాప్

ఫైలు పాడవలేదు. ఎల్‌ఎండీబీ పేజీల (ఫైలులోని సమాన పరిమాణపు ముక్కలు) నంబర్లను, పరిమాణాలను ఆ యంత్రపు వర్డ్ వెడల్పులోనే (32 లేదా 64 బిట్లు) రాస్తుంది కాబట్టి 32 బిట్ యంత్రంలో పుట్టిన ఫైలు 64 బిట్ యంత్రంలో తెరుచుకోదు. పెట్టెలోనే డంప్ సాధనంతో పాఠ్యరూపంలోకి దించి, ల్యాప్‌టాప్‌లో లోడ్ సాధనంతో ఎక్కించుకోండి. అయితే అలా ఎక్కిస్తే పేజీలన్నీ కొత్తగా ఏర్పడతాయి, మీరు వెతుకుతున్న ఆధారం చెరిగిపోతుంది. పరిశీలన పెట్టెలోనే చేయాలి.

పరిమితి విషయానికి వస్తే, 32 బిట్ లినక్స్‌లో ఒక ప్రాసెస్‌కు సాధారణంగా దొరికే చిరునామా పరిధి 3 జీబీ. అందులో ప్రోగ్రాము, లైబ్రరీలు, స్టాకులు, హీపు అక్కడక్కడా చోటు తీసుకున్నాక, మ్యాపుకు కావలసినట్టు ఒకే వరుసలో ఖాళీ ఉండడం కష్టం. 1 జీబీ నుంచి 2 జీబీకి పెంచుదామన్నా దొరుకుతుందన్న హామీ లేదు. పైగా సైజు మార్చేటప్పుడు లైబ్రరీ ముందుగా పాత మ్యాపును వదిలేసి, తరువాత కొత్తదాన్ని అడుగుతుంది. ఆ కొత్తది దొరకకపోతే పాతది కూడా చేతిలో ఉండదు, ఎన్విరాన్‌మెంట్‌ను (తెరిచి ఉంచిన డేటాబేస్‌ను) మూసి మళ్లీ తెరవాల్సిందే. తెల్లవారుజామున ఆగకూడదని మీరే అంటున్నారు కాబట్టి, ఈ పెట్టెల్లో పరిమితి పెంచడాన్ని మొదటి మందుగా తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

బీప్లస్_వృక్షం

మొదటి ప్రశ్నకే ముందు జవాబు దొరకాలి, ఎందుకంటే కారణం తెలియకుండా పెంచిన పరిమితి కూడా కొన్నాళ్లకు నిండుతుంది.

ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్ కోసం సైమాస్ సంస్థకు చెందిన హోవర్డ్ చూ 2011లో తెచ్చిన ఈ డేటాబేస్‌లో ఉన్న పేజీని ఉన్నచోటే దిద్దడం ఉండదు. పేజీలు చెట్టు ఆకారంలో అమరి ఉంటాయి, ఒక రికార్డు మారితే అది ఉన్న ఆకు పేజీకి, దాని పైనున్న కొమ్మలకు, వేరు వరకు కొత్త నకళ్లు పుడతాయి. పాత పేజీలు ఏ ట్రాన్సాక్షన్‌లో (ఒకే విడతగా మొదలై ముగిసే చదివే లేదా రాసే పని) విడుదలయ్యాయో ఆ సంఖ్యతో ఖాళీ జాబితాలో చేరతాయి. వాటిని మళ్లీ వాడాలంటే ఒక షరతు ఉంది. ఆ పాత రూపాన్ని ఇంకా చూస్తున్న రీడర్ (చదివే ప్రాసెస్ లేదా థ్రెడ్) ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక రీడర్ నిన్న రాత్రి మొదలైన ట్రాన్సాక్షన్‌ను ఈ రోజుకీ మూయలేదనుకోండి, నిన్న రాత్రి నుంచి విడుదలైన పేజీలన్నీ జాబితాలో కనబడుతూనే ఉంటాయి గానీ రాసేవాడికి అందవు, అతడు ఫైలు చివర కొత్త పేజీలు తీసుకుంటూ పోతాడు, చివరికి మ్యాప్ అంచు తగులుతుంది.

తొలగింపు కూడా రాతే అన్నది చాలామంది గమనించరు. తొలగించడానికీ కొత్త పేజీలు కావాలి, అందువల్ల నిండిపోయిన మ్యాపులో తొలగింపు సైతం అదే లోపంతో ఆగిపోతుంది. ఒక ట్రాన్సాక్షన్ విడుదల చేసిన పేజీలు అదే ట్రాన్సాక్షన్‌కు పనికిరావు కూడా. రోజంతటి డేటాను ఒకే పెద్ద ట్రాన్సాక్షన్‌లో తొలగించే బదులు చిన్న చిన్న భాగాలుగా చేసి ప్రతిదాన్నీ కమిట్ చేస్తే (ఖాయం చేసి ముగిస్తే), ముందు భాగాల్లో విడుదలైనవి తరువాతి భాగాలకు అందుతాయి.

నిండిన పెట్టెలో, డేటాబేస్ గణాంకాలు చూపే స్టాట్ సాధనాన్ని ఎన్విరాన్‌మెంట్, ఖాళీ జాబితా, రీడర్ల పట్టిక మూడూ చూపేలా నడిపి, వచ్చింది ఇక్కడ రాయండి. అందులో వాడిన పేజీలు అని చూపే సంఖ్యలో ఖాళీ పేజీలు కూడా కలిసే ఉంటాయని గుర్తుంచుకోండి. అది ఫైలు ఇప్పటివరకు చేరిన అత్యధిక పేజీ నంబరును మాత్రమే చెబుతుంది.

గో_గోపాలం

ఈ మ్యాప్ సైజు గొడవే లేని బీబోల్ట్ అనే గో భాష డేటాబేస్ వైపు ఎందుకు వెళ్లకూడదు? అది కూడా ఇదే తరహా బీప్లస్ చెట్టు, ఇదే తరహా మ్యాపింగు. 32 కేబీ దగ్గర మొదలై 1 జీబీ వరకు రెట్టింపు అవుతూ, ఆపైన ఒక్కో జీబీ చొప్పున తనంతట తానే పెరుగుతుంది. మనం సంఖ్య ఇవ్వాల్సిన పనే లేదు.

మెమరీమ్యాప్

గోపాలం గారూ, గొడవ పోలేదు, వేరే చోటికి జరిగింది. మ్యాపును పెద్దది చేసేటప్పుడు బీబోల్ట్ కూడా తెరిచి ఉన్న చదివే ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా ఆగుతుంది. అందుకే ఒకే గోరొటీన్‌లో (గో భాషలో సమాంతరంగా నడిచే పని) చదివే ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి రాసేది మొదలుపెడితే డెడ్‌లాక్ (ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఆగిపోవడం) రావచ్చని వారి పత్రాల్లోనే హెచ్చరించారు. 32 బిట్ చిరునామా పరిధి దానికీ అంతే ఇరుకు. అన్నిటికంటే ముఖ్యంగా, బీబోల్ట్ ఫైలును రాయడానికి తెరిచిన ప్రాసెస్ ఉండగా రెండో ప్రాసెస్ దాన్ని తెరవలేదు. ఇక్కడ ఉన్నవి మూడు ప్రాసెస్‌లు.

గో_గోపాలం

మూడు ప్రాసెస్‌ల విషయంలో మీరన్నది నిజమే, ఆ ఒక్క కారణం చాలు. కానీ పైపొరలో ఒక కోటా పెట్టుకునే పద్ధతి మాత్రం ఇక్కడా పనికొస్తుందని అనుకుంటున్నాను. బీబోల్ట్ మీదే నిలబడిన ఎట్‌సీడీ అనే డేటా నిల్వ వ్యవస్థలో డేటా పరిమాణానికి మొదట ఉండే కోటా 2 జీబీ, మామూలు వాడుకలో 8 జీబీ దాటవద్దని సూచిస్తారు. కోటా దాటితే అది నో స్పేస్ అలారం మోగించి కొత్త రాతలను నిరాకరిస్తుంది. చదవడం, తొలగించడం మాత్రం కొనసాగుతాయి. నిర్వాహకుడు కంపాక్షన్ (పాత రూపాలను తీసేయడం), డీఫ్రాగ్ (ఖాళీ చోటును డిస్కుకు తిరిగి ఇవ్వడం) చేసి అలారం తీసేసేదాకా అలాగే ఉంటుంది. శుభ్రం చేసుకోవడానికి చోటు మిగిలి ఉండగానే ఆగడం అందులోని మంచి గుణం.

కొల్లేటి_కోడర్

నిండిన ఒక పెట్టెలో వచ్చిన వివరాలు ఇవి. పేజీ సైజు 4,096, గరిష్ఠ పేజీలు 2,62,144, వాడిన పేజీలు 2,62,139. ఖాళీ జాబితాలో ఉన్న పేజీలు రెండు లక్షలకు పైనే. చివరి ట్రాన్సాక్షన్ సంఖ్య 8,41,337. రీడర్ల పట్టికలో రెండు వరుసలు ఉన్నాయి. తెర ప్రాసెస్ దగ్గర ట్రాన్సాక్షన్ స్థానంలో గీత మాత్రమే ఉంది. పంపే ప్రాసెస్ దగ్గర 7,12,090 అని ఉంది.

బీప్లస్_వృక్షం

కారణం ఆ రెండో వరుసలోనే ఉంది. గీత ఉంటే ఆ రీడర్ ప్రస్తుతం ఏమీ తెరిచి లేదని అర్థం, దానితో పేచీ లేదు. పంపే ప్రాసెస్ మాత్రం 7,12,090 నాటి రూపాన్ని పట్టుకుని కూర్చుంది, ఆ తరువాత విడుదలైన పేజీల్లో ఒక్కటీ తిరిగి వాడుకలోకి రాలేదు. చదివే ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి, కర్సర్‌తో ఒక్కో రికార్డు తీసి, నెట్‌వర్కులో పంపి, సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తోందా?

కొల్లేటి_కోడర్

అవును, కోడ్ సరిగ్గా అలాగే ఉంది. చెరువుల దగ్గర మొబైల్ సిగ్నల్ గంటల తరబడి పోతూ ఉంటుంది, ఆ సమయమంతా ప్రాసెస్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ట్రాన్సాక్షన్‌ను తెరిచే ఉంచుతోంది. సిగ్నల్ బాగున్న ఊళ్లలోని పెట్టెలకు ఈ సమస్య ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది.

డల్లాస్_దేవ్

అయితే నెట్‌వర్కును ట్రాన్సాక్షన్ బయట పెట్టండి. చదివే ట్రాన్సాక్షన్ తెరవండి, ఒక గుత్తి రికార్డులను మీ సొంత మెమరీలోకి కాపీ చేసుకోండి, ట్రాన్సాక్షన్ ముగించండి, ఆ తరువాత తాపీగా పంపండి. సర్వర్ అందిందని చెప్పాక, చివరి కీ నుంచి ముందుకు వెతికి తరువాతి గుత్తి తీసుకోండి. మీ కీలు కాలక్రమంలో సర్దుకునేలా పెద్ద బైటు ముందు వచ్చే క్రమంలో రాసి ఉంటే ఇది తేలిక. కాపీ చేసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే లైబ్రరీ ఇచ్చే పాయింటర్ (మెమరీలో చోటు చూపే చిరునామా) నేరుగా మ్యాపులోకి చూపిస్తుంది, ట్రాన్సాక్షన్ ముగిశాక దాన్ని నమ్మకూడదు.

పైథాన్_పద్మ

గుత్తికీ గుత్తికీ మధ్య డేటా మారిపోవచ్చు కదా? ఒకే రూపాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడగలగడమే ఈ డేటాబేస్ ఇచ్చే పెద్ద సౌకర్యం. దాన్ని వదులుకోమంటున్నారు.

డల్లాస్_దేవ్

ఖాతాల నిల్వలు సరిచూసే పనిలో అయితే నేను కూడా వదులుకోమనను. సెన్సార్ రీడింగు ఒకసారి రాశాక మారదు, పాతవి తొలగడం తప్ప. ఇక్కడ కాపాడాల్సింది ఒక్కటే, ఇంకా పంపని రికార్డును రాత్రి తొలగింపు తీసేయకూడదు. పంపిన చివరి కీని అదే డేటాబేస్‌లో రాసుకుని, తొలగించే ముందు దాన్ని చూడాలి.

ఓరుగల్లు_రూట్

పంపే ప్రాసెస్ మధ్యలో కూలిపోయినా ఇదే ఫలితం వస్తుంది. మిగతా రెండు ప్రాసెస్‌లు నడుస్తూ ఉండగా ఒకటి చనిపోతే, దాని వరుస రీడర్ల పట్టికలో అలాగే ఉండిపోతుంది. స్టాట్ సాధనంలో రీడర్ల ఆప్షన్‌ను రెండుసార్లు ఇస్తే అలాంటి మృత వరుసలను తీసేస్తుంది. కోడ్‌లో అయితే రీడర్ చెక్ ఫంక్షన్ ఉంది, రాసే ప్రాసెస్ దాన్ని అప్పుడప్పుడు పిలవాలి. పెట్టె మొత్తం కరెంటు పోయి లేస్తే మాత్రం ఈ బెడద లేదు, మొదట తెరిచిన ప్రాసెస్ లాక్ ఫైలును కొత్తగా మొదలుపెడుతుంది.

మెమరీమ్యాప్

కొల్లేటి గారూ, మీ రికార్డుల పరిమాణం ఎంత? కొన్ని బైట్ల రీడింగులేనా, ఇంకేమైనా దాస్తున్నారా?

కొల్లేటి_కోడర్

రీడింగులతో పాటు చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూపే చిన్న ఫొటోలు కూడా ఉంటాయి. ఒక్కోటి సుమారు 30 కేబీ.

మెమరీమ్యాప్

అది రెండో కారణం. రీడర్ సమస్య తీరాక కూడా ఇది మిమ్మల్ని వెంటాడుతుంది. సుమారు సగం పేజీ కంటే పెద్ద విలువను ఎల్‌ఎండీబీ ఆకు పేజీలో ఉంచదు, విడిగా ఓవర్‌ఫ్లో పేజీల్లో పెడుతుంది, అవి తప్పనిసరిగా వరుసగా ఉండాలి. 30 కేబీ ఫొటోకు 8 వరుస పేజీలు కావాలి. చిన్న రీడింగుల వల్ల ఖాళీలు ఒకటీ రెండుగా చెదిరిపోయి ఉంటే, బస్సులో విడివిడిగా చాలా సీట్లు ఖాళీగా ఉన్నా కుటుంబానికి పక్కపక్కన చోటు దొరకనట్టే, రెండు లక్షల ఖాళీ పేజీలున్నా ఆ 8 దొరక్కపోవచ్చు. అప్పుడు రాసేవాడు మళ్లీ ఫైలు చివరికే వెళతాడు. ఫొటోలను మామూలు ఫైళ్లుగా దాచి, వాటి దారిని మాత్రం డేటాబేస్‌లో ఉంచండి.

గో_గోపాలం

ఇలా ఒక్కొక్కటీ మనమే కాపు కాయాల్సి రావడం నాకు నచ్చని విషయం. ఎల్‌ఎండీబీ నుంచి చీలి వచ్చిన లిబ్ఎండీబీఎక్స్‌లో జామెట్రీ అనే ఏర్పాటు ఉంది. కనిష్ఠ పరిమాణం, గరిష్ఠ పరిమాణం, ఎంతెంత చొప్పున పెరగాలి, ఎంత ఖాళీ అయితే తగ్గాలి అని చెబితే మిగతాది అదే చూసుకుంటుంది. ఆలస్యం చేసే రీడర్ వల్ల చోటు దొరకనప్పుడు మన ఫంక్షన్‌ను పిలిచే వీలు కూడా ఉంది. ఎరిగాన్ అనే ఎథీరియం బ్లాక్‌చెయిన్ నోడ్ దాన్నే వాడుతోంది.

బీప్లస్_వృక్షం

లిబ్ఎండీబీఎక్స్ మంచి ఎంపికే, కొత్తగా మొదలుపెట్టేవారు తప్పక చూడాలి. కానీ పంపే ప్రాసెస్ గంటల తరబడి ట్రాన్సాక్షన్ పట్టుకుని ఉంటే అక్కడ కూడా పేజీలు విడుదల కావు. ఊళ్లలో ఇప్పటికే పనిచేస్తున్న పెట్టెల్లో నిల్వ లైబ్రరీని మార్చడం కంటే, పంపే ప్రాసెస్‌లో ఒక లూప్ తిరగరాయడం వంద రెట్లు క్షేమం.

కొల్లేటి_కోడర్

లూప్ తిరగరాస్తాం, ఫొటోలను బయటకు తీస్తాం. అయినా రెండో ప్రశ్నకు జవాబు కావాలి, ఎందుకంటే తరువాతి తరం పెట్టెలు 64 బిట్‌వి, వాటిలో సెన్సార్లు పెరుగుతాయి. నడుస్తుండగా పెంచడం ఎలా?

డల్లాస్_దేవ్

ఇప్పటికే చేస్తున్న ప్రోగ్రాములు ఉన్నాయి. మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో ఎల్‌ఎండీబీ పరిమితి 16,777,216 బైట్ల దగ్గర మొదలై, నిండిన ప్రతిసారీ రెట్టింపు అవుతుంది. మొనెరో క్రిప్టోకరెన్సీ నోడ్ అయితే నిండేదాకా ఆగకుండా ముందే చూసుకుని, కొత్త ట్రాన్సాక్షన్లు మొదలుకాకుండా ఆపి, నడుస్తున్నవి ముగిశాక మ్యాపును పెంచుతుంది. మీరు రెండో దారిలో వెళ్లండి. నిండాక మేలుకుంటే ఆ ట్రాన్సాక్షన్ అప్పటికే చెడిపోయి ఉంటుంది, దాన్ని అబార్ట్ చేసి మొత్తం పని మళ్లీ మొదటి నుంచి చేయాలి.

పద్ధతి ఇది. ప్రాసెస్ లోపల ఒక చదివే, రాసే తాళం పెట్టుకోండి. ప్రతి ట్రాన్సాక్షన్, చదివేదైనా రాసేదైనా, ఆ తాళాన్ని పంచుకునే రకంగా పట్టుకోవాలి. సైజు మార్చే థ్రెడ్ మాత్రం ఒంటరిగా పట్టుకోవాలి. ఆ ప్రాసెస్‌లో ఒక్క ట్రాన్సాక్షన్ కూడా లేదని మీరే చూసుకోవాలి, ముఖ్యంగా చదివేవి తెరిచి ఉన్నాయేమో లైబ్రరీ తనిఖీ చేయదు. ఎవరైనా చదువుతుండగా మ్యాపు కదిలితే వారి పాయింటర్లన్నీ లేని చోటికి చూపిస్తాయి, ప్రాసెస్ కూలుతుంది. కొత్త పరిమాణం ఆపరేటింగ్ సిస్టమ్ పేజీ సైజుకు గుణిజంగా ఉండాలి.

పెంచిన సంగతి ఇతర ప్రాసెస్‌లకు వెంటనే తెలియదు. పెంచిన ప్రాసెస్ ఒక రాసే ట్రాన్సాక్షన్ కమిట్ చేశాకే అది మెటా పేజీలోకి (డేటాబేస్ వివరాలు ఉండే పేజీ) చేరుతుంది. అప్పుడు మిగతా ప్రాసెస్‌లకు, డేటా వారి పాత మ్యాపును దాటి పెరిగి ఉంటే, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేటప్పుడు మ్యాప్ రీసైజ్డ్ అనే లోపం వస్తుంది. వారు కూడా తమ ట్రాన్సాక్షన్లు ఆపుకుని, సైజును 0గా ఇచ్చి అదే ఫంక్షన్‌ను పిలిస్తే ఫైలులో ఉన్న కొత్త పరిమాణాన్ని తీసుకుంటారు, ఆపై మళ్లీ ప్రయత్నించాలి.

మెమరీమ్యాప్

దేవ్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. సీ భాషలో చదివే ప్రాసెస్‌లు సైజును అసలు ఇవ్వకుండా తెరిస్తే, ఫైలులో నమోదైన సైజునే తీసుకుంటాయి. మూడు ప్రోగ్రాముల్లో మూడు సంఖ్యలు రాసుకోవడం కంటే అది మేలు.

ఓరుగల్లు_రూట్

64 బిట్ వచ్చింది కదా అని పద్మ గారన్నట్టు 1 టీబీ పెట్టడాన్ని మాత్రం ఈ పెట్టెల విషయంలో నేను ఒప్పుకోను. మ్యాప్ పరిమితి డిస్కు కంటే పెద్దదైతే మొదట నిండేది డిస్కు. అప్పుడు లాగులు ఆగుతాయి, అప్‌డేట్ దిగదు, కొన్నిసార్లు పెట్టెలోకి లాగిన్ కావడం కూడా కష్టమవుతుంది. అదే డిస్కులో సగం దగ్గర మ్యాప్ పరిమితి పెడితే ఒక్క డేటాబేస్ ఆగుతుంది, పెట్టె బతికి ఉండి ఫలానా చోట నిండిందని కబురు పంపగలుగుతుంది. రైట్‌మ్యాప్ ఆప్షన్ (నేరుగా మ్యాపులోకే రాసే పద్ధతి) వాడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. అది ఫైలును ముందే మ్యాప్ పొడవుకు సాగదీసి ఉంచుతుంది, నిజంగా రాసేటప్పుడు డిస్కులో చోటు లేకపోతే మామూలు లోపం కాదు, నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి బస్ ఎర్రర్ సిగ్నల్ (సిగ్‌బస్) వచ్చి ప్రాసెస్ చనిపోతుంది.

పైథాన్_పద్మ

గట్టు మీద మనిషి లేని పెట్టె విషయంలో మీ వాదన సరైనదే. నా సర్వర్లలో డిస్కు నిండుతుంటే చెప్పే పర్యవేక్షణ వేరే ఉంది, ఒకసారి రాసి ఎప్పటికీ చదివే డేటా అది. అక్కడ నేను పెద్ద సంఖ్యకే కట్టుబడి ఉంటాను.

కొల్లేటి_కోడర్

కొత్త లూప్‌ను సిగ్నల్ బాగా పోయే చోట ఉన్న పెట్టెల్లో పెట్టాం. ఖాళీ జాబితాలోని పేజీలు వాడుకలోకి వస్తున్నాయి, ఎక్కడా మ్యాప్ ఫుల్ రాలేదు. ఫైలు మాత్రం 1 జీబీ దగ్గరే ఉండిపోయింది. కాపీ సాధనాన్ని కంపాక్ట్ ఆప్షన్‌తో నడిపి తగ్గించమంటారా?

బీప్లస్_వృక్షం

ఎల్‌ఎండీబీ ఫైలు తనంతట తాను తగ్గదు, ఈ పెట్టెల్లో తగ్గించాల్సిన అవసరం కూడా లేదు. ఆ ఖాళీ పేజీలే మీకు ముందున్న రోజుల నిల్వ. ఎప్పుడైనా చేయాల్సివస్తే మూడు ప్రాసెస్‌లనూ ఆపి చేయండి. కాపీ కూడా ఒక పొడవాటి చదివే ట్రాన్సాక్షనే కాబట్టి, పక్కన రాతలు జరుగుతుంటే అది సాగినంతసేపూ పాత ఫైలు పెరగవచ్చు. రెండో నకలుకు డిస్కులో చోటు ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

ఓరుగల్లు_రూట్

వాడిన పేజీల సంఖ్య ఒక్కదాని మీదే అలారం పెట్టకండి, అది ఒకసారి ఎక్కితే దిగదు. ఖాళీ పేజీల సంఖ్యను, చివరి ట్రాన్సాక్షన్‌కూ అన్నిటికంటే పాత రీడర్‌కూ మధ్య ఉన్న దూరాన్ని కలిపి చూడండి. ఆ దూరం పెరుగుతూ పోతుంటే మ్యాప్ నిండటానికి చాలా ముందే తెలిసిపోతుంది.

కొల్లేటి_కోడర్

పాత రీడర్ సంఖ్యను కోడ్‌లో నేరుగా ఇచ్చే ఫంక్షన్ కనబడలేదు.

ఓరుగల్లు_రూట్

రీడర్ లిస్ట్ ఫంక్షన్‌కు మీ కాల్‌బ్యాక్ (అది తిరిగి పిలిచే మీ ఫంక్షన్) ఇవ్వండి. అది పట్టికను పాఠ్యం వరుసలుగా అందిస్తుంది. ప్రతి వరుసలో మూడో విలువ ట్రాన్సాక్షన్ సంఖ్య, గీత ఉన్నవి వదిలేసి మిగిలినవాటిలో చిన్నదాన్ని తీసుకోండి. అదే వరుసలో ప్రాసెస్ ఐడీ కూడా ఉంటుంది, దాన్ని కూడా అలారంలో పంపితే ఏ ప్రాసెస్‌ను చూడాలో ఆఫీసులో ఉన్నవారికి తెలుస్తుంది.